పర్చేజ్ వాళ్ల సంఘంలో సప్లయర్లకి సభ్యత్వం ఇవ్వొచ్చా? సభ్యుల్ని మళ్లీ మీటింగులకి రప్పించేదెలా?

గాజువాక పర్చేజ్

నమస్తే అండి. విశాఖలో పర్చేజ్, స్టోర్స్ వాళ్ల సంఘం మాది. పాత సంఘమే, ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసిన పెద్దవాళ్లు మొదలుపెట్టింది. ఈసారి కార్యవర్గంలోకి నన్నూ తీసుకున్నారు. రిజిస్టర్‌లో సభ్యులు వందల్లో ఉన్నారు, నెల మీటింగుకి వచ్చేది మాత్రం ఎప్పుడూ వచ్చే ఆ పాతిక మందే, వాళ్లలో సగం రిటైరైనవాళ్లు. పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురం సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఇన్ని కంపెనీలు వచ్చాయి, ప్రతి కంపెనీలోనూ పర్చేజ్‌లో కుర్రాళ్లు, అమ్మాయిలు ఉన్నారు, వాళ్లలో చాలామందికి ఇలాంటి సంఘం ఒకటి ఉందనే తెలియదు. తెలిసి వచ్చినవాళ్లు కూడా ఒకసారి వచ్చి మళ్లీ కనబడరు.

సర్వసభ్య సమావేశం దగ్గరపడింది, కొన్ని మార్పులు ఓటింగుకి వస్తున్నాయి. సంఘం పేరులో పర్చేజ్ తీసేసి సప్లై చైన్ అని పెట్టాలన్నది ఒకటి, పెట్టుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నెల మీటింగుని పూర్తిగా ఆన్‌లైన్ చేసేద్దామన్నది ఇంకోటి. నాకు టెన్షన్ పెడుతున్నది మూడోది. సప్లయర్లని అసోసియేట్ మెంబర్లుగా చేర్చుకుని, వాళ్ల దగ్గర మనకంటే చాలా ఎక్కువ చందా తీసుకుని, ఆ డబ్బుతో హాలు అద్దె, డిన్నరు, ఏడాదికోసారి సెమినారు నడుపుదామంటున్నారు. చందాలు సరిగ్గా రావట్లేదు, హోటళ్ల రేట్లు చూస్తే అలా ఉన్నాయి, కాబట్టి వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతోంది. కానీ సోమవారం పొద్దున్న నేను ఎవరి కొటేషన్ తెరవాలో ఆదివారం రాత్రి వాళ్ల డబ్బుతో భోంచేసి రావడం నా వల్ల కాదు. నా పైవాళ్లకి తెలిస్తే ఏమంటారు, ఆర్డరు రాని రెండో సప్లయర్ ఏమనుకుంటాడు?

ఈ మాట మీటింగులో అంటే, మరి డబ్బెక్కడి నుంచి తెస్తావు బాబూ అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మీ ఊళ్లలో ఇలాంటి సంఘాలు ఎలా నడుస్తున్నాయో, జనం ఎందుకు వస్తారో, ఎందుకు మానేస్తారో కాస్త వివరంగా రాయండి.

రిటైర్డ్ స్టోర్స్

బాబూ, నువ్వు చెప్పే ఆ పాతిక మందిలో నేనూ ఒకణ్ణి అనుకో. మేము కుర్చీలు పట్టుకుని వేలాడుతున్నామని కుర్రవాళ్లు అనుకుంటారు, ఎన్నికలప్పుడు నామినేషన్ వేయమని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి బతిమాలింది మేమే. ఎవరూ రాకపోతే పాత పేర్లే మళ్లీ రాసి రిజిస్ట్రార్‌కి పంపాల్సి వచ్చింది.

మా రోజుల్లో జనం ఎందుకు వచ్చేవాళ్లో చెబుతాను. స్టీల్ ప్లాంటుని 1992లో జాతికి అంకితం చేశారు, దానికి ముందు పదేళ్లూ ఈ ఊళ్లో కొనుగోలు అంటే మామూలు కొనుగోలు కాదు. ఫలానా వాల్వు ఎవడు చేస్తాడో తెలుసుకోవాలంటే డైరెక్టరీ తిరగేయాలి, ఉత్తరం రాయాలి, జవాబు కోసం వారాలు ఆగాలి. మీటింగుకి వెళ్తే పక్క కంపెనీ ఆయన కలకత్తాలో ఒక సప్లయర్ ఉన్నాడని చెప్పి అడ్రసు రాసిచ్చేవాడు. స్టోర్స్‌లో ఐటెమ్ కోడ్లు ఎలా పెట్టాలి, ఏళ్ల తరబడి కదలని స్టాకుని ఎలా వదిలించుకోవాలి, ఇవన్నీ ఒకరి స్టోర్స్‌కి ఒకరం వెళ్లి ర్యాకుల మధ్య నిలబడి నేర్చుకున్నాం. భోజనం ఉండేది కాదు. టీ, బిస్కెట్లు, అదీ ఏ కంపెనీలో మీటింగైతే ఆ కంపెనీ క్యాంటీన్ నుంచి.

డిన్నరు తర్వాత వచ్చింది. ప్లాంటు నుంచి హోటలుకి మారాం, దాంతో ఖర్చు మొదలైంది. నన్నడిగితే, సప్లయర్ డబ్బు తీసుకోవాలా వద్దా అని కొట్టుకునే ముందు, ఆ డబ్బు అవసరం లేకుండా మీటింగు పెట్టలేమా అని ఆలోచించండి. పదవులకి కాలపరిమితి పెట్టండి, రెండు దఫాలు దాటితే దిగిపోవాలని నిబంధనల్లో రాయండి, చేతులెత్తే మొదటివాణ్ణి నేనే.

అచ్యుతాపురం బయ్యర్

అండీ, రానివాళ్ల తరఫున నేను చెబుతాను, ఎందుకంటే ఒకసారి వచ్చి మళ్లీ రాని వాళ్లలో నేనున్నాను.

మా ప్లాంటు నుంచి సిటీకి సుమారు నలభై కిలోమీటర్లు. మాకు శనివారం కూడా డ్యూటీ. ఆరున్నరకి మీటింగన్నారు, ఏడుంపావుకి మొదలైంది, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరూ మాట్లాడటం, అసలు టాపిక్ మీద స్పీకర్ మైకు పట్టుకునేసరికి ఎనిమిదిన్నర దాటింది. డిన్నరు కోసం తొమ్మిదిన్నర దాకా కూర్చుంటే నేను ఇంటికి ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి? హాల్లో ఆడవాళ్లం ముగ్గురమో నలుగురమో ఉన్నాం. ఎవరూ అగౌరవంగా చూడలేదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి, కానీ మా గురించి ఆలోచించి పెట్టిన టైము కాదది.

ఇంకో సంగతి. ఆ రోజు టాపిక్ నాయకత్వ లక్షణాలు. ఆ నెల నా టేబుల్ మీదున్న సమస్య వేరే. చిన్న పరిశ్రమలకి పేమెంట్ లేటైతే ఆ ఖర్చుని ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఆ ఏడాది చూపించుకోలేమన్న సెక్షన్ 43బి(హెచ్) 2023-24 లెక్కల నుంచి అమల్లోకి వచ్చింది కదా. మార్చిలో మా ఫైనాన్స్ నుంచి మెయిల్: వెండార్ మాస్టర్‌లో (మన సప్లయర్ల జాబితాలో) ఎవరెవరు సూక్ష్మ, ఎవరెవరు చిన్న సంస్థలు, ఎవరి దగ్గర ఉద్యం సర్టిఫికెట్ (చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్) ఉంది, తయారీనా ట్రేడింగా, మూడు రోజుల్లో చెప్పండి అని. పేమెంట్‌కి గడువు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజులే. మా పీఓల్లో (పర్చేజ్ ఆర్డర్లలో) ఏళ్లుగా పేమెంట్ 60 రోజులు, 90 రోజులు అని ప్రింటవుతోంది. ట్రేడర్లకి ఇది వర్తించదని కొందరు, సర్టిఫికెట్ ఉంది కాబట్టి వర్తిస్తుందని ట్రేడర్లు. (వర్తించదు, వాళ్ల రిజిస్ట్రేషన్ బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే.) ఆ వారం నాకు ఎవరైనా ఒక గంట కూర్చోబెట్టి తమ కంపెనీలో పీఓ షరతులు ఎలా మార్చారో చూపిస్తే నేను సెలవు పెట్టుకుని మరీ వచ్చేదాన్ని.

ఆన్‌లైన్ మీటింగు పెడితే నాకు సులువే, కానీ పూర్తిగా ఆన్‌లైన్ చేసేయకండి. కెమెరా ఆపేసి పక్కన కొటేషన్లు పోల్చుకుంటూ వింటాం, ఎవరితోనూ పరిచయం కాదు. రెండు నెలలకోసారి పరవాడలోనో మా దగ్గరో సాయంత్రం నాలుగింటికి పెట్టి ఆరుకల్లా ముగించండి, చాలు.

ఆటోనగర్ యూనిట్

నేను అటువైపు మనిషిని. చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు, ట్యాంకులు, పైప్ స్పూల్స్ చేస్తాం. సప్లయర్ అనగానే అందరూ కవర్లు పట్టుకొచ్చేవాళ్లలా మాట్లాడుతుంటే మనసుకి కష్టంగా ఉంటుందండి.

కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏటా కొనేదాంట్లో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొనాలని రూలుంది. మరి మీకు ఏం కావాలో మాకెలా తెలుస్తుంది? ప్రైవేటు కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ దాటి లోపలికి వెళ్లడమే గగనం. మెయిల్ పెడితే జవాబుండదు. మీరు ఎక్కడో పుణె నుంచి తెప్పించుకునే ఐటెమ్ పది కిలోమీటర్ల దూరంలో మేం చేయగలం, డ్రాయింగ్ చూపిస్తే. అందుకే మేం సంఘంలో చేరాలనుకుంటాం.

అయితే మీ డిన్నరుకి డబ్బు కట్టాలని మాకూ సరదా లేదు. పెద్ద చందా అంటే పెద్ద డీలర్లు కడతారు, నాలాంటివాడు బయటే ఉంటాడు. మళ్లీ గేటు దగ్గరే నిలబడాలి, ఈసారి మీ సంఘం గేటు దగ్గర.

జీడిమెట్ల ఆర్ఎం

హైదరాబాద్ నుంచి. మా వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడి పదార్థాలు చేసే) కంపెనీల్లో రా మెటీరియల్ కొనేవాళ్లం ఒక పెద్ద గ్రూపు, రిజిస్ట్రేషన్ ఏమీ లేదు. అయినా జనం రోజూ ఉంటారు, ఎందుకంటే రోజూ పనికొస్తుంది. 2020 మొదట్లో చైనాలో ప్లాంట్లు మూతపడి ఇంటర్మీడియట్లు (మందుల తయారీలో మధ్య దశ రసాయనాలు) ఆగిపోయినప్పుడు ఏ పోర్టులో ఎవరి కంటైనర్ ఇరుక్కుంది, ఏ షిప్పింగ్ కంపెనీ ఓడ కదిలింది అన్నది మాకు ఒకరి ద్వారా ఒకరికి తెలిసేది. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలై చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడం మొదలైనప్పుడూ అంతే.

ఒక్క ఉదాహరణ. శనివారం రాత్రి ఒక ప్లాంటులో సాల్వెంట్ పంపు మెకానికల్ సీల్ పోయింది, స్పేర్ లేదు, కంపెనీవాళ్లు సోమవారం గానీ ఫోనెత్తరు. కుర్రాడు సీల్ నేమ్‌ప్లేట్ ఫొటో, షాఫ్ట్ సైజు పెట్టాడు. నాచారంలో ఒకాయన స్టోర్స్ తెరిపించి, రిటర్నబుల్ గేట్ పాస్ (తిరిగిచ్చే షరతు) మీద ఇచ్చి పంపాడు. వారంలో కొత్తది కొని తిరిగిచ్చేశారు. ఆ కుర్రాడు ఇప్పుడు అందరికంటే ముందు అందరికీ జవాబిస్తాడు. సభ్యుల్ని రప్పించడానికి నాకు తెలిసిన దారి ఇదే: ఒకసారి వాడి పని గట్టెక్కించండి, వాడు వదలడు.

కానీ ఒక జాగ్రత్త, దీని మీద నేను గట్టిగా చెబుతాను. గ్రూపులో రేట్లు పెట్టనివ్వొద్దు. నువ్వు టోలుయీన్ సాల్వెంట్ ఎంతకి కొన్నావు, మనమందరం ఇంతకి మించి ఇవ్వొద్దు లాంటి మాటలు సరదాగా మొదలవుతాయి. కాంపిటీషన్ చట్టం 2002లో సెక్షన్ 3 అమ్మకం ధర గురించే కాదు, పోటీ కంపెనీలు కలిసి కొనుగోలు ధర నిర్ణయించుకోవడం గురించి కూడా చెబుతుంది. సంఘం పేరుతో జరిగినా అంతే. మా దగ్గర రేటు పెడితే అడ్మిన్ వెంటనే తీసేస్తాడు. సప్లయర్ డెలివరీ ఎలా ఉంది, క్యూసీలో (నాణ్యత పరీక్షలో) రిజెక్షన్లు వచ్చాయా, లీడ్ టైమ్ (ఆర్డరు పెట్టాక సరుకు రావడానికి పట్టే టైము) ఎంత, ఇవి మాట్లాడుకోవచ్చు, అదీ నిజం తెలిసినంతవరకే, ఎవడి పేరూ పాడుచేయకుండా. మీ బైలాలో (సంఘం నిబంధనల్లో) ఈ ముక్క లేకపోతే ఇప్పుడే చేర్చండి, సప్లయర్లని కూడా లోపల కూర్చోబెట్టుకుంటే ఇది ఇంకా చిక్కవుతుంది.

హ్యూస్టన్ బయ్యర్

ఇక్కడ అమెరికాలో పెద్ద సంఘం 1915లో పర్చేజింగ్ ఏజెంట్ల జాతీయ సంఘంగా పుట్టింది, 2002 నుంచి ఇన్‌స్టిట్యూట్ ఫర్ సప్లై మేనేజ్‌మెంట్ అయింది. కాబట్టి పేరు మార్చుకోవడం కొత్తేం కాదు. ఇక్కడ స్థానిక మీటింగులకి జనాన్ని రప్పించేది ఆ సంఘం ఇచ్చే వృత్తి సర్టిఫికెట్. దాన్ని రెన్యువల్ చేసుకోవాలంటే చదువుకున్న గంటలు చూపించాలి, మీటింగుకో వర్క్‌షాప్‌కో వస్తే గంటలు కలుస్తాయి. మన దగ్గర కూడా ఐఐఎంఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్) లాంటి సంస్థల కోర్సులు చేసేవాళ్లు చాలామంది ఉంటారు, పరీక్షల ముందు వాళ్లకి ఆదివారాలు పాఠం చెప్పే పని మీ పెద్దవాళ్లు తీసుకుంటే పాత తరానికీ కొత్త తరానికీ ముడిపడుతుంది. సాయంత్రం ఉపన్యాసాల కంటే అది వందరెట్లు మేలు.

గాజువాక పర్చేజ్

అందరికీ ధన్యవాదాలు, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఆటోనగర్ అన్నా, మీ మాట నాకు బాగా తగిలింది. అసోసియేట్ సభ్యత్వం వద్దనే ఓటేస్తాను, కానీ దాంతోపాటు ఇంకో తీర్మానం పెడతాను: ఏడాదికి రెండుసార్లు, సంఘం ఖర్చుతోనే, చిన్న యూనిట్లకి ఒక రోజు. కంపెనీలు తాము బయటి ఊళ్ల నుంచి తెప్పించుకునే ఐటెములు, కుదిరితే శాంపిళ్లు బల్లల మీద పెడతాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, ఎంట్రీ ఫీజు లేదు, స్పాన్సర్ బ్యానర్ లేదు. హోటల్ డిన్నర్లు మానేస్తే అందులో సగం డబ్బుతోనే ఇది అయిపోతుంది, పాత ఖర్చుల పుస్తకం దగ్గర పెట్టుకుని లెక్కేశాను.

గురువుగారూ, రెండు దఫాల పరిమితి తీర్మానం మీరే ప్రతిపాదిస్తే బాగుంటుంది. నేను పెడితే పెద్దవాళ్లని పొమ్మన్నట్టు ఉంటుంది. రేట్ల గురించి జీడిమెట్ల సార్ చెప్పిన నిబంధన కూడా బైలా సవరణల్లో చేరుస్తున్నాను.

అచ్యుతాపురం మేడం, నాలుగింటికి మొదలుపెట్టి ఆరింటికి ముగించే మీటింగు పరవాడలో పెడదాం. టాపిక్ పీఓ పేమెంట్ షరతులు, ఇద్దరు ముగ్గురు తమ ఫార్మాట్లు కంపెనీ పేర్లు కొట్టేసి చూపించాలి. మీరు ఒకరు చూపిస్తారా? శాలువాలు ఉండవు.

అచ్యుతాపురం బయ్యర్

చూపిస్తాను. మా ఫైనాన్స్ అమ్మాయిని కూడా తీసుకొస్తాను, ట్రేడర్ల గొడవ తనకి నాకంటే బాగా తెలుసు. గురువారం మాత్రం పెట్టకండి, ఆ రోజు మాకు ప్లానింగ్ మీటింగు.

రిటైర్డ్ స్టోర్స్

తీర్మానం నేను పెడతాను. పరవాడలో హాలు కోసం వెతక్కండి, నా దగ్గర ట్రైనింగ్ అయిన కుర్రాడు అక్కడ ఒక కంపెనీలో స్టోర్స్ హెడ్, క్యాంటీన్ పక్క ట్రైనింగ్ రూము అడుగుతాను. ఎంతమంది వస్తారో ముందు చెప్పండి, గేట్ పాసులు రాయించాలి.