ఒట్టి బొక్కను (ఎముకను) చూసి మనిషి చేసిన పని ఎట్లా చెప్తారు?

దేవరకొండ పోరడు
మా చేను గట్టున గుండ్రంగా పేర్చిన బండలుండేవి, తాత వాటిని రాకాసి గుళ్లు అనేవాడు. మొన్న జేసీబీతో చదును చేస్తుంటే కుండ పెంకులు, వాటితో పాటు నాలుగైదు బొక్క ముక్కలు బయటపడ్డాయి. వీటిని చూసి ఆ మనిషి ఏం పని చేశాడో కూడా చెప్తారంటున్నాడు మా దోస్తు. నిజమేనా, ఊరికే కథలా?

బొక్కలపిచ్చి
నిజమే తమ్ముడూ. రాకాసి గుళ్లంటే పాతకాలపు సమాధులే. బతికున్నన్ని రోజులు బొక్క మారుతూనే ఉంటుంది, ఎటు బరువు పడితే అటు గట్టిపడుతుంది. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో మధ్య యూరప్ తొలి రైతు ఆడవాళ్ల చేతి ఎముకలను ఇప్పటి కేంబ్రిడ్జ్ పడవ పందేల అమ్మాయిల ఎముకలతో పోల్చారు. 7 వేల ఏళ్ల కిందటి వాళ్లవే 11 నుంచి 16 శాతం గట్టిగా తేలాయి! రోజంతా గింజలు నూరడం, నేల తవ్వడం వల్లే అయ్యుంటుందంటారు. సిరియాలోని అబూ హురేరా అనే పాతకాలపు ఊళ్లో అయితే ఆడవాళ్ల కాలి బొటనవేళ్ల కీళ్లు, నడుము దెబ్బతిని ఉన్నాయి, మోకాళ్ల మీద కూర్చుని వేళ్లు మడిచి ముందుకూ వెనక్కూ నూరినందుకట. మా అమ్మమ్మ ఇసుర్రాయి ముందు ఒక కాలు చాపి కూర్చునేది, ఆమె బొక్కల్లో ఇంకో లెక్క ఉంటుందేమో.

మర్రిగూడ బిడ్డ
అన్నా, అరిగిన ప్రతిదీ పని వల్లే అనుకోవద్దు. వయసుతోనూ అరుగుతాయి. ఇక మా దిక్కు సంగతి తెలిసిందే కదా, మా పెద్దనాన్న ఎక్స్‌రేలో వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి తెల్లగా సుద్దముక్కలా కనిపించాయి, ఆయన మెడ తిప్పాలంటే మొత్తం మనిషే తిరగాలి. మోసిన బరువుల వల్ల కాదు, తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల. బహ్రెయిన్‌లో దాదాపు 2 వేల ఏళ్ల నాటి అస్థిపంజరాల్లోనూ ఈ ఫ్లోరోసిస్ దొరికింది. రేపు ఎవరైనా మా ఊరి వల్లకాడు తవ్వితే వీళ్లంతా కొండలు మోశారని రాసుకుంటారేమో! అందుకే ముందు పళ్లు చూడాలి. చిన్నప్పుడు ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పంటి మీద మచ్చలు, తిండి లేకో జబ్బు చేసో ఎదుగుదల ఆగితే అడ్డగీతలు పడతాయి. పంటి పైపొర ఎనామిల్ మళ్లీ పెరగదు కాబట్టి అవి అట్లాగే ఉండిపోతాయి.

బొక్కలపిచ్చి
ఈ మాట ఒప్పుకుంటా. తమ్ముడూ, ఆ ముక్కలు మాత్రం కడగొద్దు, పంటి గారలో తిన్న గింజల పిండి కూడా దొరుకుతుంది. ఇక తవ్వకుండా పురావస్తు శాఖకు చెప్పు.

దేవరకొండ పోరడు
అయ్యో, సగం కడిగేశా అన్నా. దవడ ముక్క ఒక్కటే మట్టితో ఉంది, అమ్మ ఇంట్లోకి రానివ్వకపోతే పశువుల కొట్టంలో పెట్టా.