కథ రాయడానికి ‘సౌదాదె’ కావాలా, ‘రంది’ చాలదా?

హన్మకొండ పోరడు:
ఆరు నెలలుగా ఒక్క కథా రాలేదు. ఈమధ్య వేరే భాషల్లోని వింత భావాల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుని, ఒక్కోదాని మీద ఒక్కో పేజీ రాస్తున్నాను. పోర్చుగీసులో ‘సౌదాదె’ అంటే దూరమైపోయినవాళ్ల మీద ఉండే తియ్యటి బాధ. వెల్ష్‌లో ‘హిరాయ్థ్’ సొంత ఊరి మీద బెంగ, ఆ ఊరు ఇప్పుడు లేకపోయినా సరే. ‘సోండర్’ అంటే దారిన పోయే ప్రతివాడికీ మనకున్నంత బతుకు ఉందని ఉన్నట్టుండి తట్టడం. కాజీపేట స్టేషన్‌లో కూర్చుని దీని మీదే నాలుగు పేజీలు రాశాను. తెలిసినాయన ఒకరు చదివి ‘అరువు ఏడుపు’ అన్నారు. తప్పేనా?

మిర్చి బస్తా:
తప్పనను తమ్మీ. కానీ సోండర్ పాత మాట కాదు. జాన్ కోనిగ్ అనే అమెరికన్ 2012లో పుట్టించాడు. ఆయనకు ముందు భావం తట్టింది, మాట తర్వాత చేసుకున్నాడు. నువ్వేమో మాట పట్టుకుని భావం వెతుకుతున్నావు.

మన దగ్గర ఏం తక్కువ? రంది అంటే దిగులు, మనం పెట్టుకునేది. మనాది అంటే తీరని బెంగ, మనిషిని మంచంలో పడేసేది. బుగులు అంటే భయం, అది పుట్టేది. గోస అంటే బాధ, ఒకరిది ఇంకొకరు పోసుకునేది. పోయినేడు వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక పెద్దాయన మిర్చి బస్తా మీద కూర్చున్నాడు, జెండా పాట (ధర తేల్చే వేలం) ఇంకా కాలేదు. ఒక కాయ తీసి, విరిచి, గింజ చూసి మళ్లీ బస్తాలో పెట్టాడు. కాసేపటికి మళ్లీ అదే కాయ తీశాడు. ‘బుగులైతాంది బిడ్డా’ అన్నాడు. నీకు ఇంకేం కావాలి?

చౌరస్తా:
ఫికర్, పరేశాన్, నారాజ్ ఉర్దూ నుంచే కదా వచ్చాయి? వాటినెవరూ వీసా అడగలేదు.

జనగామ టీచరమ్మ:
అన్నా, మన మాటైతే చాలు కథ వచ్చేస్తుందనడం కూడా భ్రమే. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతికి, అదే తెలంగాణ భాషా దినోత్సవానికి, పిల్లలు రాసినవి దిద్దుతుంటాను. పేరాకో గోస ఉంటుంది, ఎవరి గోసో మాత్రం ఉండదు. కాళోజీ తన కవితలకు ‘నా గొడవ’ అని పేరు పెట్టుకున్నారు. గొడవ వింత మాటేం కాదు, ఇంట్లో రోజూ వినేదే.

తమ్ముడి పద్ధతిని మాత్రం కొట్టిపారేయలేను. నాట్యశాస్త్రంలో 33 వ్యభిచారి భావాలున్నాయి, అంటే మనసులో వచ్చి పోయే భావాలు. వాటిలో ‘అవహిత్థ’ అంటే మనసులోది బయటపడకుండా దాచుకోవడం. ఎమ్మేలో పరీక్ష కోసం బట్టీ పట్టాను. చాలా ఏళ్ల తర్వాత సద్దుల బతుకమ్మ నాడు మా వదినకు దుబాయ్ నుంచి ఫోన్ వచ్చింది. అన్నయ్య ఈసారీ రావట్లేదు. ఫోన్ పక్కన పెట్టి, తంగేడు వరుస సగంలో ఆగిపోయిన చోట మళ్లీ పేర్చడం మొదలుపెట్టింది. అత్తమ్మ అడిగితే ‘సిగ్నల్ లేదు’ అంది. ఆ మాట తెలియకపోతే నేను ఆమె చేతుల వైపు చూసేదాన్నే కాదు.

మిర్చి బస్తా:
రాయండక్కా. కానీ కథలో అవహిత్థ అని పెట్టకండి, దండం పెడతా.

జనగామ టీచరమ్మ:
ఎప్పుడో రాశాను. ఆ మాట అందులో ఎక్కడా లేదు. కథ పేరు ‘సిగ్నల్’.

హన్మకొండ పోరడు:
నా నాలుగు పేజీలూ మళ్లీ చూశాను. సోండర్ ఏడుసార్లుంది. అన్నీ కొట్టేస్తే ఒక్క పేరానే మిగిలింది. చాయ్ అమ్మే ఆయన దగ్గర ఎవరో కిటికీలోంచి కప్పు తీసుకున్నారు, డబ్బులిచ్చేలోపు రైలు కదిలింది. ఆయన రెండడుగులు ఉరికి ఆగిపోయి, చేతిలో చిల్లర లెక్కపెట్టుకున్నాడు. దీన్ని ఏమంటారన్నా, రందేనా?

మిర్చి బస్తా:
ఆయనేమన్నాడు?

హన్మకొండ పోరడు:
అడగలేదు.

మిర్చి బస్తా:
రేపు పోయి ఒక చాయ్ తాగిరా. చిల్లర తీసుకపో.