పార్కులో ఫోను పాటల నడుమ పొద్దుటి నడక నిలబెట్టుకోవడం ఎలా?

మందవెల్లి ఉద్యోగిని:

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి బదిలీ మీద చెన్నై వచ్చి మందవెల్లిలో ఉంటున్నాను. బ్యాంకు ఉద్యోగం కాబట్టి పగలంతా కుర్చీకి అతుక్కుపోయి ఉంటాను. సుగరు హద్దు దగ్గరకు వచ్చిందనీ, మందుల దాకా పోకముందే నడక అలవాటు చేసుకోమనీ డాక్టరుగారు చెప్పడంతో ఇంటికి దగ్గరలో ఉన్న ఒక చిన్న పార్కుకు పొద్దున్నే వెళ్ళడం మొదలుపెట్టాను. వేకువనే లేవడం నాకు కష్టం కాదు. పిల్లవాడి బాక్సు, మంచినీళ్ళు పట్టుకోవడం, వంట, ఇవన్నీ ఉన్న ఇంట్లో ఎలాగూ ఐదింటికే దీపం వెలుగుతుంది. కష్టమల్లా పార్కు గేటు దాటిన తరువాతే.

అక్కడ ఒకాయన ఫోనులో సుప్రభాతం పెడతారు, ఆయన వెనుకే మరొకాయన వార్తల చానలు పెడతారు, ఇద్దరూ ఇయర్‌ఫోన్ల జోలికి పోరు. ముగ్గురికి సరిపోయే దారిలో నలుగురు వరుస కట్టి రాజకీయాలు మాట్లాడుకుంటూ నడుస్తుంటారు. వెనుక ఎవరు వస్తున్నారో వారికి పట్టదు. అందరూ ఒకవైపు తిరుగుతుంటే ఇద్దరు ముగ్గురు పనిగట్టుకుని ఎదురు తిరుగుతారు. బస్సులో కర్చీఫు వేసినట్టు బెంచీ మీద తువాలు పరిచి, తాము రెండు చుట్లు తిరిగి వచ్చేదాకా ఎవరినీ కూర్చోనివ్వనివారు కూడా ఉన్నారు. ఇవేవీ పెద్ద నేరాలు కావని నాకూ తెలుసు, కానీ అరగంట నడిచి ఇంటికి వచ్చేసరికి కాళ్ళ కంటే మనసు ఎక్కువగా అలసిపోతోంది, మరునాడు చెప్పులు వేసుకునేటప్పుడు 'ఇవాళ్టికి వద్దులే' అనిపిస్తోంది.

ఇలాంటివి పట్టించుకోకుండా ఉత్సాహం నిలుపుకోవడం అభ్యాసం మీద వచ్చేదేనా, లేక చోటు మార్చుకోవడమే మేలా? వయసులో పెద్దవారిని నొప్పించకుండా అడిగే పద్ధతి ఏదైనా ఉందా? నా తమిళం కూరగాయల బేరం వరకే వస్తుంది. మావారు ట్రెడ్‌మిల్ కొందామంటున్నారు. నాకు మాత్రం చెట్ల కింద నడవాలనే ఉంది.

మైలాపూరు పెద్దాయన:

అమ్మా, ట్రెడ్‌మిల్ కొనకండి. మా అపార్టుమెంటులో కొన్నవారందరి ఇళ్ళలోనూ అది తడి బట్టలు ఆరవేసుకోవడానికే పనికివస్తోంది.

మీరు ఉత్సాహం ఒక సమస్య, తోటివారి మర్యాద మరొక సమస్య అన్నట్టు రాశారు. నా దృష్టిలో రెండూ ఒకటే. పట్టుదల ఒక్కదానితోనే ఏడాది పొడవునా నడవగలిగినవారిని నేను చూడలేదు. వెళ్ళిన చోట మనల్ని చూసి తల ఊపే మనిషి ఒకరున్నా, నాలుగు రోజులు కనబడకపోతే 'ఒంట్లో బాగాలేదా' అని అడిగేవారు ఒకరున్నా, నడక దానంతటదే సాగిపోతుంది. అందుచేత మీరు మొదట చేయవలసిన పని ఆ ఫోను ఆపించడం కంటే ఆ ఫోను పెట్టినాయనతో ముఖపరిచయం కలుపుకోవడం అంటాను.

నేను నడిచేది లజ్‌లోని నాగేశ్వరరావు పార్కులో. అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద ఉన్న పార్కు అది. అక్కడ రోజూ తిరిగే తెలుగువారిలోనే చాలామందికి ఈ సంగతి తెలియదు. పంతులుగారి ఇల్లు శ్రీబాగ్ కూడా ఆ పక్కనే. కోస్తా, రాయలసీమ నాయకులు ఒకరి మీద ఒకరికి ఎన్ని అనుమానాలున్నా ఒకచోట కూర్చుని 1937 నవంబరు 16న ఒడంబడిక కుదుర్చుకున్నది ఆ ఇంట్లోనే. వారు రెండు ప్రాంతాల పంచాయతీ తేల్చుకున్న పేటలో మనం ఒక బెంచీ పంచాయతీ తేల్చుకోలేకపోతున్నాం. సరే, అది వేరే సంగతి.

ఆ పార్కులో నెలలో మొదటి ఆదివారం పొద్దున మైకు లేకుండా పిల్లల చేత కచేరీ చేయించే ఆనవాయితీ ఉంది. పదేళ్ళ పిల్ల వర్ణం ఎత్తుకుంటుంది. మైకు లేదు కనుక ముందు వరుసలు దాటితే గొంతు పలచబడుతుంది. పక్కనే నడక దారి. మామూలు రోజుల్లో గొంతు చించుకుని వాదించుకునేవారే ఆ మలుపు దగ్గరకు రాగానే మాట ఆపేసి, దాటిన తరువాత ఆపిన చోటు నుంచి మళ్ళీ అందుకుంటారు. వారికి ఎవరూ చెప్పరు, బోర్డూ ఉండదు. పాడుతున్న పిల్ల ముఖం కనిపిస్తోంది కాబట్టి గొంతు తగ్గుతుంది. మీ పార్కులో ఫోను పెట్టినాయనకు మీ ముఖం ఇంకా కనబడలేదు.

ఇక అడిగే పద్ధతి. నడుస్తున్న మనిషిని ఆపి చెప్పకండి, నలుగురిలో అసలే చెప్పకండి. ఆయన బెంచీ మీద కూర్చుని చెమట తుడుచుకునే వేళకు వెళ్ళి, వణక్కం చెప్పి, ఆ సుప్రభాతం గురించే ఒక మాట మాట్లాడి, ఆ తరువాత 'సార్, కొంజం సౌండ్ కమ్మి పణ్ణుంగ' అంటే చాలు. ఇంకొక్క మాట. మా వయసువారిలో చాలామందికి వినికిడి తగ్గి ఉంటుంది, ఆ సంగతి వారు ఒప్పుకోరు. మీకు హోరుగా వినిపించేది వారికి మామూలుగా వినిపిస్తుంది. అది తలచుకుంటే సగం కోపం అక్కడే దిగిపోతుంది.

బెసంట్‌నగర్ పరుగు:

పెద్దాయనగారి మీద గౌరవంతోనే కొంత విభేదిస్తున్నాను. వణక్కం చెప్పి, కుశలం అడిగి, ఆ తరువాత వాల్యూము తగ్గించమనే తీరిక ఆఫీసుకు పరుగెత్తవలసినవారికి ఉండదు. అదీగాక ఒక మహిళ పరిచయం లేని మగవారిని తానుగా పలకరించడంలో ఉండే ఇబ్బంది ఆయనకు తట్టినట్టు లేదు. ఎదుటివారు మర్యాద నేర్చుకునేదాకా మన ఆరోగ్యం వేచి ఉండదు కనుక చోటో వేళో మార్చుకోమనే నేను చెబుతాను.

రోజూ వెళ్ళి తీరాలన్న నియమం కూడా మీ ఉత్సాహాన్ని తినేస్తున్నదేమో ఆలోచించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దలకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. అది రోజూ ఇంతని సమానంగా పంచుకోవలసిన అవసరం లేదు. అందరూ జపించే పదివేల అడుగుల లెక్కకు మూలం వైద్య పరిశోధన కూడా కాదు, 1965లో జపానులో అమ్మిన అడుగులు లెక్కించే పరికరానికి పెట్టిన పేరు. కాబట్టి మధ్యలో ఒకటి రెండు రోజులు మీ చిన్న పార్కులో సరిపెట్టుకుని, శని ఆదివారాల్లో ఎలియట్స్ బీచికి వచ్చి గంటకు పైగా నడవండి. మందవెల్లి నుంచి పెద్ద దూరం కాదు. అక్కడ ఎవరు ఏ పాట పెట్టినా సముద్రం ముందు నిలవదు.

మే నెల గురించి మాత్రం ముందే హెచ్చరిస్తున్నాను. ఆ రోజుల్లో ఆరు కొట్టకముందే ఎండ పొడుస్తుంది, పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి మధ్యాహ్నం దాటినా ఊళ్ళోకి రాదు. చెన్నైలో ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధిస్తుంది. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుచేత అయిదున్నరకే మొదలుపెట్టి ఆరున్నరకు ముగించండి.

పెద్దవారి గురించి కూడా ఒక మాట. పార్కు మర్యాద అనగానే అందరూ కుర్రవాళ్ళ రీల్సు గురించి మాట్లాడతారు గాని, నలుగురు అడ్డంగా నడవడం మా తరం కనిపెట్టినది కాదు. అలాగని మావాళ్ళను వెనకేసుకు రావడం లేదు. ఎలియట్స్ బీచి ఇసుకలో తెల్లటి కట్టడం ఒకటుంది. 1930లో మునిగిపోతున్న వారిని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న డెన్మార్కు నావికుడు కార్ల్ ష్మిట్ జ్ఞాపకార్థం కట్టినది. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం సముద్రంలోకి దూకినవాడి పేరు మీదున్న గోడకు ఆనుకుని పుట్టినరోజు కేకు కోసి, ఆ డబ్బా అక్కడే వదిలిపోయే మిత్రబృందాలు మా వయసువే.

ఉత్సాహం రావడం లేదని ఎప్పుడైనా మరీ దిగులనిపిస్తే, జనవరి నుంచి మార్చి దాకా జరిగే తాబేళ్ళ నడకకు రండి. 1988 నుంచి విద్యార్థుల బృందం ఒకటి ఈ పని చేస్తోంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ గట్టుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళతాయి. నీలాంగరై నుంచి బెసంట్‌నగర్ దాకా ఇంచుమించు ఏడు కిలోమీటర్లు ఇసుకలో నడుస్తూ, ఆ జాడలను బట్టి గుడ్లు వెతికి, కుక్కల పాలు కాకుండా తీసుకువెళ్ళి కంచె వేసిన చోట పాతిపెడతారు. వారాంతాల్లో మామూలు జనాన్ని కూడా వెంట తీసుకువెళతారు. టార్చీలు వేయవద్దంటారు, మాటలు తగ్గించమంటారు. ఇంట్లో ఒక్క నిమిషం నోరు మూయని పిల్లలు కూడా గుసగుసలతో తెల్లవారుజాము దాకా నడుస్తారు. ఇసుకలో ఏడు కిలోమీటర్లంటే రోడ్డు మీద దానికి రెట్టింపు శ్రమ, అయినా మధ్యలో వెనక్కి పోదామన్నవారిని నేను చూడలేదు.

ట్రిప్లికేన్ కోడలు:

మా అత్తగారికి పక్షవాతం వచ్చిన తరువాత చక్రాల కుర్చీయే గతి అయింది. ట్రిప్లికేన్‌లో పుట్టి పెరిగిన మనిషి, సముద్రం నడిచిపోయేంత దూరంలో ఉండి కూడా ఏళ్ళ తరబడి అలను తాకలేదు. మెరీనా ఇసుక ఎంత వెడల్పో మీకు తెలుసు, కుర్చీ చక్రం పది గజాలు పోకముందే దిగబడిపోతుంది. వివేకానంద ఇల్లం దగ్గర దివ్యాంగుల కోసం 263 మీటర్ల చెక్క దారి 2022 నవంబరులో తెరిచారు. రెండు వారాలు తిరగకుండానే మాండూస్ తుఫాను దాని కొసను విరిచేసింది, తరువాత బాగు చేశారు. ఇప్పుడు ఆదివారం సాయంత్రం మేము తప్పకుండా వెళతాము.

ఆ దారి మీద నాకు రెండు రకాల మనుషులూ కనిపిస్తారు. కమ్మీలకు ఆనుకుని ఫోటోలు దిగేవారు, పల్లీలు తింటూ బారులు తీరి కూర్చునేవారు కుర్చీ దగ్గరకు వచ్చేదాకా కదలరు. మొదట్లో నేను ఏమీ అనలేక ఆగిపోయేదాన్ని. ఒకరోజు సుండల్ (గుగ్గిళ్ళు) అమ్మే కుర్రవాడు తన డబ్బా చంకన పెట్టుకుని, 'వళి విడుంగ, పాట్టి వరాంగ' (దారి ఇవ్వండి, అవ్వ వస్తున్నారు) అని కేకలు వేసుకుంటూ మా ముందు నడిచి కొస దాకా దారి చేశాడు. సుండల్ కొనబోతే తరువాత కొందురులెమ్మని పరుగెత్తిపోయాడు. అప్పటి నుంచి నేనూ అదే మాట అదే గొంతుతో అంటున్నాను. అడిగితే కాదన్నవారు ఇంతవరకు లేరు. అడగకముందే లేచినవారు కూడా బహు తక్కువ. కాబట్టి నాలుగు రోజులు పరిచయం పెంచుకోవడమూ వద్దు, చోటు వదిలి పారిపోవడమూ వద్దు. నవ్వుముఖంతో వెంటనే అడిగేయండి, పట్టించుకోకుండా ముందుకు నడవండి.

ఉత్సాహం గురించి అడిగారు. నాకు ఆదివారం మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తుంది, బయటికి కదలాలని ఉండదు. మూడున్నర కాగానే మా అత్తగారు దువ్వెన అడుగుతారు. తల దువ్వుకుని తయారుగా కూర్చున్న మనిషిని చూస్తూ పడుకోవడం ఎవరివల్ల అవుతుంది?

మందవెల్లి ఉద్యోగిని:

ముగ్గురికీ ధన్యవాదాలు. ట్రెడ్‌మిల్ సంగతి మావారితో ఈ జవాబులు చదివించి వాయిదా వేయించాను. తడి బట్టల మాటకు ఆయన కూడా నవ్వారు. వారం మధ్యలో చిన్న పార్కు, శని ఆదివారాల్లో బీచి అన్నది నాకు కుదిరేలా ఉంది. సుప్రభాతం పెట్టే పెద్దాయనను ట్రిప్లికేన్ చెల్లెలు చెప్పిన పద్ధతిలోనే అడుగుతాను. అయితే వార్తల చానలు ఆయనది కాస్త కటువు ముఖం. పార్కులో బోర్డు పెట్టమని కార్పొరేషనుకు అర్జీ పెడితే ఫలితం ఉంటుందా?

మైలాపూరు పెద్దాయన:

అర్జీ పెట్టండి, తప్పులేదు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. పూలు కోయరాదని రాసిన బోర్డు కిందే దేవుడికని సంచీ నింపుకునేవారిని రోజూ చూస్తున్నాను. వార్తల చానలు ఆయనను సుప్రభాతం ఆయన చేత అడిగించండి. మొదటాయన తగ్గించాక రెండవ ఆయన ఫోను ఒక్కటే మోగుతుంటే అది ఆయనకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

బెసంట్‌నగర్ అబ్బాయికి: మహిళల ఇబ్బంది గురించి మీరన్నది సబబే. నలుగురు వరుసగా నడవడం గురించి మాత్రం మా పక్షం కూడా వినండి. మా బృందంలో ఒకరికి ఎడమ చెవి, మరొకరికి కుడి చెవి వినపడదు; ఒకరి వెనుక ఒకరు నడిస్తే సంభాషణ సాగదు. మీ పరుగు చప్పుడు మాకు వినపడదు, భుజం తగిలాకే తెలుస్తుంది. పది గజాల ముందే 'సార్, దారి' అనండి, మేము ఎడమకు తప్పుకుంటాము.