టాకోమీటర్ "సూదులు చీలిపోతాయి": ఇది తెలుగేనా?

పదసేద్యం: తేలికపాటి హెలికాప్టర్ నేర్చుకునేవాళ్ల చేతిపుస్తకం తెలుగులోకి వస్తోంది. చిత్తుప్రతిలో ఒక వాక్యం ఇలా ఉంది: "ఆటోరొటేషన్‌లోకి వెళ్లగానే టాకోమీటర్ సూదులు చీలిపోతాయి." (ఆటోరొటేషన్ అంటే ఇంజిన్ సాయం లేకుండా, పైన తిరిగే రెక్కలు, అంటే రోటర్, గాలి ఒరవడికే తిరుగుతుండగా కిందికి దిగడం. టాకోమీటర్ అంటే ఇంజిన్, రోటర్ ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూపే డయల్.) చదివితే ఏదో విరిగి ఊడిపడినట్టుంది. ఏమనాలి?

త్రాసుముల్లు: ముందు సూదిని తీసేయండి. బట్టలు కుట్టేదీ ఇంజెక్షన్‌దీ సూది. గడియారానికీ త్రాసుకీ ఉండేది ముల్లు. డయల్ మీద కదిలేది కూడా ముల్లే. ఇక చీలడమంటే కర్ర చీలుతుంది, పార్టీ చీలుతుంది. ఒక్కటిగా ఉన్నది రెండయితేనే ఆ మాట. ఇక్కడ ముళ్లు మొదటినుంచీ రెండు. కాబట్టి "ముళ్లు విడిపోతాయి". దానికి ఎదురుమాట "ముళ్లు కలిశాయి". పన్నెండు గంటలకు గడియారం ముళ్లు కలిశాయని అంటాం కదా, అదే.

పచ్చగీత: మాట బాగుంది కానీ ఒక మెలిక ఉంది. బెల్ 47 హెలికాప్టర్‌లో రెండు ముళ్లూ ఒకే ఇరుసు మీద తిరుగుతాయి, కాబట్టి ఒకదానిమీద ఒకటి పడి నిజంగానే కలుస్తాయి. రాబిన్సన్ ఆర్‌22లో అలా కాదు. ఒకే డయల్‌లో ఎడమన ఇంజిన్ ముల్లు, కుడిన రోటర్ ముల్లు, ఎవరి గీతలు వాళ్లవి. అక్కడ "కలవడం" అంటే రెండూ ఒకే ఎత్తులో నిలవడం. దానికి "ముళ్లు సమంగా ఉన్నాయి" అంటేనే కంటికి కనిపించేదీ చదివేదీ ఒకటవుతాయి.

ఆ గీతలు శాతాల్లో ఎందుకుంటాయో కూడా ఒక ముక్క రాయండి. ఆర్‌22లో 104 శాతమంటే ఇంజిన్ నిమిషానికి 2652 చుట్లు, రోటర్ 530. అసలు అంకెలు వేస్తే రెంటినీ ఒక్క చూపులో పోల్చలేం.

ఇంకా ముఖ్యమైనది, ఏ ముల్లు ఎటు పోయిందో వాక్యంలో ఉండాలి. ఉత్త "విడిపోతాయి" చాలదు. ఆటోరొటేషన్‌లో ఇంజిన్ ముల్లు కిందికి జారుతుంది, రోటర్ ముల్లు తన పరిధిలో (ఆర్‌22కి 90 నుంచి 110 శాతం) నిలబడుతుంది. అంటే ఫ్రీవీల్ (ఇంజిన్ నెమ్మదించినా రోటర్‌ని స్వేచ్ఛగా తిరగనిచ్చే భాగం) తన పని చేసింది, ఇంజిన్ రోటర్‌కి అడ్డం పడటం లేదు. కావలసిందీ అదే. తిరగబడి ఇంజిన్ ముల్లు పైకి ఎగిరి రోటర్ ముల్లు పడిపోతుంటే ఇంజిన్ శక్తిని రోటర్‌కి అందించే బెల్టులు జారాయనో తెగాయనో అర్థం. రెండూ సమంగానే ఉండి జతగా దిగజారుతుంటే అది మూడో సంగతి: కలెక్టివ్ (రోటర్ రెక్కల వాలు మార్చి హెలికాప్టర్‌ని పైకి లేపే పిడి) మరీ ఎక్కువ లాగారు, ఇంజిన్ మోయలేకపోతోంది. 97 శాతం దగ్గర హారన్ మోగుతుంది. ఇంజిన్ వేగం పెరిగేలా థ్రాటిల్ తిప్పుతూనే కలెక్టివ్ దించాలి. ముళ్లు విడిపోకపోవడమే ఇక్కడ చిక్కు చూడండి.

పదసేద్యం: అయితే "చీలిపోతాయి" తప్పు మాటే కాదు, తప్పు భయం కూడా పెడుతుందన్నమాట. అదే పుస్తకంలో మానిఫోల్డ్ ప్రెషర్ గేజ్‌ని "ఇంజిన్ శక్తి సూచిక" అన్నారు. సరేనా?

పచ్చగీత: వద్దండీ. ఇంజిన్ ఆపేసి ఉన్నప్పుడు అది సముద్రమట్టం దగ్గర 30 అంగుళాలకు దగ్గరగా చూపిస్తుంది, అంటే బయటి గాలి ఒత్తిడి. స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచితే పడిపోతుంది. "శక్తి" అని చదివిన కుర్రాడు ఆగిన ఇంజిన్‌కే ఎక్కువ శక్తి ఉందనుకుంటాడు. మానిఫోల్డ్ ప్రెషర్ అనే ఉంచి, "ఇంజిన్‌లోకి పీల్చే గాలి ఒత్తిడి" అని మొదటిసారి వివరించండి. అంగుళాలంటే పాదరసపు అంగుళాలని కూడా చెప్పాలి.

త్రాసుముల్లు: "మాపకం", "సూచి" తేడా కూడా ఇక్కడే తేలుతుంది. దిక్సూచి దిక్కుని కొలవదు, చూపిస్తుంది. ఆల్టిమీటర్ కూడా అంతే, కొలిచేది గాలి ఒత్తిడిని, చూపించేది ఎత్తుని. దాని చిన్న కిటికీలో ఒత్తిడి అంకె ఒక అంగుళం తప్పుగా పెడితే ఎత్తు దాదాపు వెయ్యి అడుగులు తప్పుతుంది. ఎత్తుమాపకం కన్నా ఎత్తుసూచి నయం.

రజను: చిప్ లైటుని ఏమన్నారో చూశారా? "చిప్" అనగానే కంప్యూటర్‌ది అనుకునే ప్రమాదముంది. ఇది లోహపు రజను. గేర్‌బాక్స్ నూనెలో ఉండే అయస్కాంతపు ప్లగ్ ఇనుప రజనుని పట్టుకుంటుంది, అది రెండు కొసల్నీ కలిపితే దీపం వెలుగుతుంది. నూగులాంటి పొడి మామూలు అరుగుదల కావచ్చు, పొరలూ ముక్కలూ వస్తే బేరింగో గేరో పాడవుతున్నట్టు. "రజను దీపం" అంటే చక్కగా అతుకుతుంది.

పదసేద్యం: "చిప్ దీపం" అనే ఉంది, మారుస్తాం. హెలికాప్టర్ పక్కకి జారుతోందా అని చూపేవి రెండున్నాయి కదా, ముందు అద్దం మీద అంటించే ఊలుపోగు, వంపు గొట్టంలోని గోళీ. రెంటికీ ఒకటే సూత్రం రాశారు: "ఎటు పోతే అటు పెడల్ తొక్కాలి" అని.

పచ్చగీత: గోళీకి సరే. ఊలుపోగుకి తలకిందులు. కొస ఎడమకి పోతే కుడి పెడల్. ఇది అచ్చుకి వెళ్లకముందే దిద్దండి.

పదసేద్యం: దిద్దాం. మొదటి వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: "ఆటోరొటేషన్‌లో ఇంజిన్ ముల్లు రోటర్ ముల్లుని విడిచి కిందికి జారుతుంది; రోటర్ ముల్లు పచ్చగీత దాటకుండా చూసుకోవాలి." (పచ్చగీత అంటే డయల్ మీద సురక్షితమైన పరిధిని చూపే పచ్చరంగు గీత.)

త్రాసుముల్లు: "దాటకుండా" అంటే పైకి దాటడమే తడుతుంది. కిందికి పడటమే ఎక్కువ ప్రమాదం. "పచ్చగీతలోనే ఉండేలా" అనండి.