పడవలో పాలు తెచ్చిన నాయకుడి మీద పాత ఆరోపణ: నమ్మాలా, వద్దా?

సింగ్‌నగర్ గృహిణి

మాది విజయవాడ సింగ్‌నగర్, ఫ్లైఓవర్ దిగాక లోపలికి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి వచ్చి మా ఇంట్లో కూర్చుంది. ఫ్రిజ్ తేలింది. మంచం మీద మంచం వేసి చూశాం, చివరికి పై వాటా వాళ్ల మెట్ల మీద పడుకున్నాం. మూడో రోజు పడవలో పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు వేసుకుని వచ్చింది మా ఏరియా నాయకుడే. పేరు రాయను, పార్టీ కూడా రాయను. రాస్తే చర్చ అటే పోతుంది. నడుం లోతు నీళ్లలోకి దిగి మా అత్తగారి షుగర్ మాత్రలు అందించాడు. అది నేను మర్చిపోలేను.

వచ్చేసారి ఎమ్మెల్యే టికెట్ ఆయనకే అంటున్నారు. అంతలో మా వీధి చివరి పెద్దాయన ఒక మాట చెప్పారు. ఇరవై ఏళ్ల కిందట ఇదే మనిషి కాలవ పోరంబోకు మెరక చేయించి, ప్లాట్లు వేసి అమ్మాడట. పెద్దాయన తమ్ముడు ఒకటి కొన్నాడు. రిజిస్ట్రేషన్ కాలేదు, డబ్బూ తిరిగి రాలేదు. అంటే నీళ్లు పోయే దారి మూసినవాడూ, ఆ నీళ్లలో పాలు తెచ్చినవాడూ ఒకడేనా? కేసు లేదు, కోర్టు లేదు. ఇలాంటి మనిషిని నమ్మాలా?

పటమట

వద్దు మేడమ్. నిప్పు లేనిదే పొగ రాదు. పాల ప్యాకెట్ విలువ ఎంత, ప్లాటు విలువ ఎంత?

వన్‌టౌన్ వ్యాపారి

పొగదేముంది బ్రదర్, మా వన్‌టౌన్‌లో పొద్దున్నే ప్రతి టీ కొట్టు నుంచీ వస్తుంది. మచ్చ లేని మనిషి కోసం వెతుక్కుంటూ కూర్చుంటే డ్రైనేజీ ఎవరు తీయిస్తారు? 2024లో గెలిచిన 543 మంది ఎంపీల్లో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని అఫిడవిట్లలో తామే రాసిచ్చారు. జనం గెలిపించారుగా. నాకైతే ఫోన్ ఎత్తేవాడు చాలు. వరదలో ఎత్తాడు ఆయన.

గవర్నర్‌పేట వకీలు

చట్టం ప్రకారం ఈయనకి ఏ అడ్డూ లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 8 కింద మామూలుగా రెండేళ్లు, ఆపైన శిక్ష పడితేనే అనర్హత. పడితే మాత్రం శిక్ష కాలం, విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు పోటీకి లేదు. పూర్వం పదవిలో ఉన్నవాళ్లు మూడు నెలల్లో అప్పీలు వేసి కుర్చీ కాపాడుకునేవాళ్లు. 2013లో లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటు కొట్టేసింది. అభియోగాలు నమోదైన దశలోనే ఆపండని 2018లో అడిగితే, అది పార్లమెంటు చేయాల్సిన పని అంది ఐదుగురు జడ్జిల బెంచి. కాకపోతే కేసులున్నవాళ్లు పేపర్లో, టీవీలో ఆ సంగతి ప్రకటించాలంది. 2020లో ఇంకో మెట్టు ఎక్కి, వీళ్లకే టికెట్ ఎందుకిచ్చారో పార్టీలు కారణం రాయాలని, ‘గెలుస్తాడు కాబట్టి’ అన్న ఒక్క కారణం చెల్లదని చెప్పింది. ఆ ప్రకటనలు ఎవరైనా చదివారా? నేను వకీలునై ఉండీ పేజీ తిప్పేస్తాను, నిజం చెప్పాలంటే.

ఇదంతా కేసు నమోదైతేనే. మేడమ్ చెప్పిన మనిషి మీద ఎఫ్‌ఐఆర్ లేదు కాబట్టి అఫిడవిట్‌లో ఆ గడి ఖాళీ. కోర్టులో అనుమానం మిగిలితే ముద్దాయిని వదిలెయ్యాలి, ఎందుకంటే అక్కడ పోయేది మనిషి స్వేచ్ఛ. ఓటుకి ఆ లెక్క పనికిరాదు. చిట్టీ కట్టేముందు చిట్టీ నడిపేవాడి గురించి నలుగుర్ని అడుగుతాం. వాడికి శిక్ష పడిందా అని చూస్తామా?

అరండల్‌పేట, గుంటూరు

ఆ నలుగురూ ఎవరండీ అన్నదే నా ప్రశ్న. మా నాన్నగారు యూనియన్ ఎన్నికల్లో నిలబడితే, ఫండు తినేశారని కరపత్రం వేశారు. ఓడిపోయారు. తర్వాత ఆడిట్‌లో రూపాయి తేడా తేలలేదు. కరపత్రం ఊరంతా చదివింది, ఆడిట్ రిపోర్టు మా అమ్మ చదివింది.

పెద్దవాళ్ల సంగతీ అంతే. 1996లో నాయకులకి అక్రమంగా డబ్బు ముట్టిందన్న హవాలా కేసు చార్జిషీటులో పేరొస్తే బీజేపీ నేత అద్వానీ లోక్‌సభకి రాజీనామా చేసి, అది తేలేదాకా పోటీ చేయనన్నారు. ఢిల్లీ హైకోర్టు 1997లో కొట్టేసింది, 1998లో మళ్లీ గెలిచారు. ఫోన్ల స్పెక్ట్రం కేటాయింపుల 2జీ కేసులో మాజీ టెలికాం మంత్రి ఎ. రాజా 2011లో అరెస్టయ్యారు, 2014లో నీలగిరిలో ఓడిపోయారు, 2017లో ట్రయల్ కోర్టు నిర్దోషి అంది. సీబీఐ అప్పీలుకి వెళ్లింది, సరే. కానీ 2014లో ఓటేసినవాళ్లకి 2017 తీర్పు ఎలా తెలుస్తుంది? మీరు ఇరవై ఏళ్ల నాటి మాటని, అదీ టికెట్ టైముకి పుట్టిన మాటని పట్టుకుని మనిషిని తూకం వేస్తున్నారు. ఇన్నాళ్లూ ఆ పెద్దాయన ఎందుకు ఊరుకున్నారు?

పటమట

ఎందుకు ఊరుకుంటారు సార్, భయపడి. అదే వీధిలో బతకాలి కదా.

పోల్చాలంటే మనవాళ్లతోనే పోల్చుకుందాం. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్లని ప్రభుత్వం జాతీయం చేసింది. అది ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజకీయ కక్షతో చేయించారని బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకెళ్లారు. ఆ ఆరోపణ అబద్ధమని ఆయన తన పేరుతో అఫిడవిట్ వేయలేదు. ఖండించాల్సిన మనిషే ఖండించలేదు కాబట్టి, 1964లో కోర్టు ఆరోపణనే నిలబెట్టింది. జైలు లేదు, శిక్ష లేదు, అయినా ఆయన దిగిపోయారు. మీ గుంటూరు జిల్లా కాసు బ్రహ్మానందరెడ్డి ఎక్కారు. ఆ దిగినాయనే 1977లో రాష్ట్రపతి అయ్యారు! దిగితే మనిషి అయిపోతాడని ఎవరన్నారు? 1992లో నేదురుమల్లి జనార్దనరెడ్డి కూడా ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతుల మీద హైకోర్టు తీర్పు వచ్చాక దిగారు. ఇప్పుడు ‘దమ్ముంటే నిరూపించండి’ అంటూ ర్యాలీ తీస్తున్నారు, డీజే పెట్టి మరీ.

వన్‌టౌన్ వ్యాపారి

సంజీవరెడ్డి గారి రోజుల్లో ఎన్నికకి ఎంత ఖర్చయ్యేది బ్రదర్? అది కూడా రాయండి.

దస్తావేజుల బాబాయ్

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట ముప్పై ఏళ్లు దస్తావేజులు రాశాను. అమ్మాయ్, నమ్మకం సంగతి తర్వాత, ముందు కాగితం సంగతి చూడు. పోరంబోకు సర్వే నంబర్లు ఇప్పుడు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి, రిజిస్టర్ చేయరు. అలాంటివాటిని స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసి, నోటరీ ముద్ర కొట్టించి అమ్మేవాళ్లు. రిజిస్టర్ కాలేదు కాబట్టి ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టిక, తీస్తే ఏమీ కనబడదు. కనబడలేదని ఆరోపణ అబద్ధమనీ కాదు, నిజమనీ కాదు. ఆ తమ్ముడి దగ్గర కాగితం ఉందా? ఉంటే అమ్మినవాడి సంతకం ఎవరిది? ఇలాంటివాటిలో నాయకుడు చెయ్యి పెట్టడు, బావమరిది పెడతాడు. ఇంకోటి, ఏ కాలవో కూడా అడుగు. బెజవాడలో కాలవ గట్టు అంటే సగం ఊరు. నేను పుట్టిందీ కాలవ గట్టు మీదే.

అరండల్‌పేట, గుంటూరు

బాబాయ్ గారి మాట బాగుంది. కాగితం లేకపోతే ఇక్కడితో ఆపేద్దాం.

గవర్నర్‌పేట వకీలు

కాగితం లేకపోయినా ఆయన్ని అడగొచ్చు కదండీ. ఓటు అడగడానికి వచ్చేవాణ్ణి ఒక ప్రశ్న అడగడానికి సాక్ష్యం ఎందుకు?

సింగ్‌నగర్ గృహిణి

పది రోజులు రాయలేకపోయాను, ఏమనుకోకండి.

బాబాయ్ గారూ, కాగితం చూశాను. వంద రూపాయల స్టాంపు కాగితం, నాలుగు మడతలు. మడతల దగ్గర చిరిగిపోతుంటే టేపు అంటించారు. కొలతలు ఉన్నాయి, సొమ్ము ముట్టినట్టు రాసుంది. అదీ వరదలో తడిసింది. సంతకాల చోట నీలం మరక తప్ప ఏమీ మిగల్లేదు. ఒక్క సాక్షి వేలిముద్ర మాత్రం అలాగే ఉంది, ఆ సాక్షి పోయి చాలా ఏళ్లయిందట.

మొన్న ఆయన మా వీధికి చవితి పందిరి చూడటానికి వచ్చాడు. మా ఇంట్లోకీ వచ్చాడు. హాల్లో గోడ మీద నీళ్ల గీత ఇంకా ఉంది, రెండుసార్లు పెయింటు వేయించినా పైకి తేలుతోంది. దాన్ని చూసి ‘ఆ రోజులు మర్చిపోలేమమ్మా’ అన్నాడు. నాకు కాళ్లు వణికాయి కానీ అప్పుడే అడిగేశాను. ఆ ప్లాట్లు మీరే వేశారా అని.

కోపం తెచ్చుకోలేదు. కాదు అనలేదు. అవును అనలేదు. ‘ఎవరు చెప్పారమ్మా నీకు?’ అన్నాడు. ఊరికే తెలుసుకుందామని అడిగానన్నాను. టీ తాగి, అత్తగారి షుగర్ ఎలా ఉందో కనుక్కుని, చెప్పులేసుకుంటూ మళ్లీ అదే అడిగాడు. ‘మన వీధివాళ్లేనా?’

నేను పేరు చెప్పలేదు.