సింగర్ పోయినంక అదే పేరు మీద బ్యాండ్ నడపాల్నా?

కాజీపేట_బాస్:
అన్నలూ, మాది పంక్ బ్యాండ్, మన యాసల్నే రాసుకోని పాడుతం. రాసేటోడు పాడేటోడు ఒక్కడే ఉండె, పోయిన వానాకాలంల గుండెపోటొచ్చి పోయిండు. మిగిలింది ముగ్గురం, ఇగ బాస్ వాయించే నేనే పాడాలె. చాన రోజులు ప్రాక్టీస్ షెడ్డు షటర్ తియ్యబుద్ధి కాలే, ఇప్పుడు వాళ్లమ్మనే ఫోన్ జేసి మళ్ల ఎప్పుడు వాయిస్తరు బిడ్డా అని అడుగుతాంది. పేరు అదే ఉంచుడా మార్చుడా? ఇంకోటి, ఫోన్ల వాడు సగం సగం పాడిపెట్టిన కొత్త పాటలున్నయ్, గిటార్ సౌండ్‌ల మాటలు సరిగ్గ వినవడ్తలేవు, వాటిని ముట్టుకోవాల్నా వద్దా?

సుబేదారి_డ్రమ్మర్:
తమ్మీ మస్తు బాధైంది సదివితె. ఆపకుండ్రి. లండన్ల ది రట్స్ అని పంక్ బ్యాండ్ ఉండె, సింగర్ మాల్కమ్ ఓవెన్ 1980 జూలైల హెరాయిన్‌తోని పోయిండు. మిగిలిన ముగ్గురు పేరు వెనక డీసీ అని చేర్చుకోని నడిపిండ్రు, బాస్ వాయించే సెగ్సే మైక్ కాడికొచ్చిండు, నీ లెక్కనే. 1983ల విడిపోయిండ్రు గని 2007ల గిటారిస్ట్ పాల్ ఫాక్స్‌కు క్యాన్సరొస్తె ఆయన కోసం మళ్ల ఒక్క స్టేజీ ఎక్కిండ్రు, అమెరికా పంక్ సింగర్ హెన్రీ రోలిన్స్ పాడిండు. ఆ ఏడే ఫాక్స్ గూడ పోయిండు, అయినా ఆ పేరు ఇయ్యాల్టికి బతికే ఉన్నది. పాత పేరు పూర్తిగ తీసేస్తె మీ వాన్ని విన్నోళ్లు మిమ్మల్ని ఎట్ల ఎతుక్కుంటరు?

పాతటేపులు:
పేరు కాడ నేను ఒప్పుకోను. ఇంగ్లండ్ బ్యాండ్ జాయ్ డివిజన్ల సింగర్ ఇయాన్ కర్టిస్ 1980 మే 18న పోయిండు, తెల్లారితె అమెరికా టూర్‌కు పోవాలె. ఎవరన్న ఒకరు లేకుంటె ఆ పేరు వాడొద్దని వాళ్లు ముందే అనుకున్నరు, అందుకే పేరు మార్చి న్యూ ఆర్డర్ అయిండ్రు. మీరు ముగ్గురు కూసోని, వాడుంటె ఏమనేటోడు అని మాట్లాడుకోండ్రి. ఫోన్ల పాటలైతె తప్పక ముట్టుకోండ్రి. కర్టిస్ ఆఖరి రోజుల్ల రాసిన పాటకు కాయిదం దొరకకపోతె గిటారిస్ట్ బెర్నార్డ్ సమ్నర్ రిహార్సల్ టేపును ఈక్వలైజర్ల ఏసి, మాట మాట ఏరుకున్నడు. న్యూ ఆర్డర్ ఫస్ట్ సింగిల్ అదే, 1981ల. లో, హై తగ్గించి నడుమ గొంతు ఉండే జాగ పెంచి ఇనుండ్రి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోని, వాని యాస తెల్సినోళ్లు పక్కకుండాలె.

సుబేదారి_డ్రమ్మర్:
గది నిజమే, వాని మాట ఏదన్న ఉంటె అదే లెక్క. పాడుడు సంగతి జెప్త, వాని ఎత్తుకు నీ గొంతు పోకపోతె తీగలన్ని అర మెట్టు దించుండ్రి, వదులైతయ్ గాబట్టి గిటార్‌కు తొమ్మిది గేజ్ (తీగ మందం) ఉన్నకాడ పది ఎయ్యాలె. వాని లెక్క పాడాలని మాత్రం జూడకు.

కాజీపేట_బాస్:
అన్నా, పేరు మార్చొద్దని వాడెప్పుడు అనలే, మార్చుమని గూడ అనలే. ఐతారం ముగ్గురం కూసుంటం, ముందుగాల ఫోన్ పాటలు ఇంటం, వాళ్లమ్మను గూడ పిలుస్త, ఆమెకు అర్థమైనట్టు వాని మాటలు మాకెవ్వరికి కావు. బాస్‌కు గూడ మందం తీగలు ఎయ్యాల్నా, ఉన్నయే నడుస్తయా?