భర్తకు యూనివర్సల్ క్రెడిట్, భార్యకు పుట్టింటి కొబ్బరితోట: తనిఖీ లేఖ అందుకున్న సోదరికి జవాబు

సోదరి గారికి నమస్కారం.

మీ వారు బ్రిటిష్ పౌరులు, ఉద్యోగం పోయి, ఆదాయం తక్కువగా ఉన్నవారికి బ్రిటన్ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ సాయం తీసుకుంటున్నారు. మీరు భార్య వీసా మీద కొత్తగా వచ్చారు. నాన్నగారు పోయాక అంబాజీపేట దగ్గరి కొబ్బరితోటలో ఒక వాటా మీకు వచ్చింది. ఇప్పుడు ఆ సాయం ఇచ్చే పని, పింఛన్ల శాఖ (డీడబ్ల్యూపీ) వారు ఇద్దరి బ్యాంకు స్టేట్‌మెంట్లూ, విదేశీ ఆస్తుల వివరాలూ అడిగితే, "సాయం ఆయనకు, నా పుట్టింటి గొడవ వీళ్ళకెందుకు?" అని మీరు రాశారు. మీ ప్రశ్నకు నాకంటే ముందు జవాబు రాసినవారిలో ఒక పెద్దాయన "ఇండియాలో భూమి సంగతి వీళ్ళకెలా తెలుస్తుంది, చెప్పకండి" అన్నారు. ఇంకొకరు "అడిగినవీ అడగనివీ అన్నీ ఇచ్చేయండి" అన్నారు. పాలకొల్లు నుంచి వచ్చి ఇక్కడ చాలాకాలంగా మనవాళ్ళ కాగితాలు చూసిపెడుతున్నవాడిగా, ఈ రెండు సలహాలూ మిమ్మల్ని ముంచేవే అని చెప్పక తప్పదు.

మొదట మీ వీసా భయం తీరుస్తాను. మీ వీసా మీద ప్రభుత్వ సాయం తీసుకోరాదన్న షరతు ఉంటుంది కనుక మీ వారు ఒంటరి వ్యక్తి లెక్కన దరఖాస్తు చేసుకుంటారు. మీ పేరు చెప్పి అదనంగా ఏమీ చెల్లించనంతవరకు ఆ షరతు మీరు మీరినట్టు కాదు. అయితే డబ్బు ఆయన ఒక్కరికే వచ్చినా, లెక్క వేసేటప్పుడు భార్య ఆదాయమూ ఆస్తీ కలుపుతారు. మీ తోట ప్రస్తావన అక్కడే వస్తుంది, అందులో వివక్ష ఏమీ లేదు.

ఆ లెక్క ఇలా ఉంటుంది. ఇద్దరి పొదుపూ ఆస్తీ కలిపి 6,000 పౌండ్ల లోపు ఉంటే కోత ఉండదు. అది దాటిన ప్రతి 250 పౌండ్లకూ, చివర మిగిలిన ముక్కకు కూడా, నెలకు 4.35 పౌండ్లు తగ్గిస్తారు. 16,000 దాటితే సాయమే ఉండదు. మీరు కాపురముంటున్న ఇల్లు ఈ లెక్కలోకి రాదు గాని, ఊళ్ళో ఉన్న తోట వస్తుంది. కోనసీమలో భూమి ధర మీకు నేను చెప్పనక్కర్లేదు, చిన్న వాటా అయినా ఆ గీతను తాకవచ్చు. తోట విలువను అక్కడి మార్కెట్ ధర ప్రకారం కట్టి, అమ్మకానికి ఖర్చయ్యే పక్షంలో పది శాతం తగ్గించి, దాని మీద అప్పు ఉంటే తీసివేస్తారు. ఉమ్మడి ఆస్తి అయితే, వేరే ఆధారం చూపనంతవరకు హక్కుదారులందరికీ సమాన వాటాలుగా భావిస్తారు. కాబట్టి తోట మొత్తం మీ నెత్తిన పడకుండా పట్టాదారు పాసుపుస్తకం నకలు, 1-బి (భూమి హక్కుల రికార్డు), పంపకాలు కాకపోతే వారసుల ధ్రువపత్రం తెప్పించుకోండి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే విలువ పత్రం కూడా జతచేయండి గాని, అది రిజిస్ట్రేషన్ల కోసం ప్రభుత్వం కట్టిన ధర. ఊళ్ళో నిజంగా పలికే ధర వేరుగా ఉంటే ఆ మాట మీరే రాయడం మంచిది. తోట కౌలుకిచ్చి ఉంటే ఆ సంగతీ దాచవద్దు.

ఇప్పుడు హడావిడిగా అన్నయ్య పేర గిఫ్టు దస్తావేజు రాసేయాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. సాయం కోసమే ఆస్తి వదిలించుకున్నారని తేలితే, ఆ ఆస్తి ఇంకా మీ చేతిలో ఉన్నట్టే లెక్క వేస్తారు. తోట పోయి, సాయమూ పోతుంది. ఇక "ఎలా తెలుస్తుంది" అన్న పెద్దాయన గారికి ఒక మాట: బ్యాంకు ఖాతాల సమాచారాన్ని భారత్, బ్రిటన్ పన్ను శాఖలు 2017 నుంచి ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. భూమి రికార్డు అందులో లేకపోయినా, కౌలు సొమ్ము పడే ఖాతా ఉంటుంది. అదీ కాకపోతే మనవాళ్ళలో ఆకాశరామన్నలకు కొదవ లేదు. ఇక్కడ అజ్ఞాతంగా ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వమే ఫోన్ నంబరు పెట్టింది.

తోటకంటే ఎక్కువ మందిని చిక్కుల్లో పెట్టేది చీటీ. చీటీ నడిపేవారి ఖాతాలో ఒకే వారంలో పది పేర్ల నుంచి ఒకే మొత్తం జమ అవుతుంది, పొదుపు గీత దాటుతుంది, తర్వాత ఆ డబ్బు పాట పాడినవారికి పోతుంది. స్టేట్‌మెంటు చూసే అధికారికి చీటీ అంటే ఏమిటో తెలియదు. కేవలం ఇతరుల తరఫున మీ ఖాతాలో ఉన్న డబ్బు మీ ఆస్తి కాదు, కాని అది ఇతరులదని రుజువు చేయవలసింది మీరే. మీ వారు చీటీ నడుపుతుంటే సభ్యుల పేర్లు, తేదీలు, ఎవరికెప్పుడు పాట పోయిందో రాసిన పుస్తకం ఫొటోలు సిద్ధంగా ఉంచుకోండి.

ఇక అడగనివీ ఇచ్చేయమన్న రెండో సలహా. మన దగ్గర పింఛను జాబితాలో ఎవరున్నారో గ్రామ సచివాలయం గోడ మీద అంటిస్తే ఊరంతా చదివింది. మాగాణి మూడెకరాలు, కరెంటు నెలకు మూడొందల యూనిట్లు దాటాయంటూ ఆరు అంచెల తనిఖీ చేసి పేర్లు తీసేశారు. అలాంటి చోట పెరిగినవాళ్ళం కనుక, సర్కారు డబ్బు తీసుకునేవాడికి గుట్టు ఏముంటుందని అనుకోవడం అలవాటైపోయింది. ఇక్కడి చట్టం అలా అనుకోదు. 1998 నాటి మానవ హక్కుల చట్టం ప్రకారం సాయం తీసుకునేవారి ఇల్లూ, కుటుంబమూ, ఉత్తరప్రత్యుత్తరాలూ గౌరవించదగినవే. ప్రభుత్వం అందులో తలదూర్చాలంటే చట్టం అనుమతి ఉండాలి, అవసరమూ ఉండాలి, ఆ తలదూర్చడం ఆ అవసరానికి తగినంతే ఉండాలి.

అందువల్ల లేఖ రాగానే అది నిజమైనదో కాదో మీ వారి ఆన్‌లైన్ జర్నల్‌లో (యూనివర్సల్ క్రెడిట్ ఖాతాలో శాఖతో రాతకోతలు నడిపే పేజీలో) సరిచూడండి. శాఖ పేరుతో ఫోన్ చేసి పిన్ నంబరో ఓటీపీయో అడిగేవాడు దొంగే. జవాబులన్నీ జర్నల్‌లోనే, రాతపూర్వకంగా, గడువు లోపల ఇవ్వండి. గడువు చాలకపోతే ముందే రాసి అడగండి, ఎందుకంటే మౌనంగా ఉంటే డబ్బు ఆపే అధికారం వారికి ఉంది. ఏదైనా కాగితం ఎందుకు అడుగుతున్నారో తెలియకపోతే, ఏ షరతును పరిశీలించడానికి అది అవసరమో చెప్పమని మర్యాదగా అడగవచ్చు. అధికారి ఇంటికి వస్తే గుర్తింపు కార్డు చూడండి. సాయం తనిఖీ కోసం వచ్చినంత మాత్రాన లోపలికి చొరబడే హక్కు వారికి లేదు, మరో రోజు రమ్మనవచ్చు, ఆ మాటనూ జర్నల్‌లో రాసి ఉంచండి. మీ గురించి శాఖ దగ్గర ఏమేమి ఉన్నాయో చూపమని డేటా రక్షణ చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. దానికి రుసుము లేదు, సాధారణంగా ఒక నెలలో ఇవ్వాలి. ఈ హక్కును మనవాళ్ళు వాడుకోరు, వాడుకోవాలి.

2025లో చేసిన కొత్త చట్టం గురించి కూడా మీరు అడిగారు. యూనివర్సల్ క్రెడిట్ వంటి కొన్ని సాయాలు జమయ్యే ఖాతాల్లో షరతులకు సరిపోనివి ఏవో వెతికి చెప్పమని బ్యాంకులను ఆదేశించే అధికారం దాని ద్వారా శాఖకు వచ్చింది. మీరు ఏ దుకాణంలో ఏం కొన్నారన్న వివరాలు బ్యాంకు పంపరాదు. ఆ సూచన ఒక్కదానితోనే ఎవరినీ దోషిగా తేల్చబోమని, శాఖ ఉద్యోగి పరిశీలించాకే నిర్ణయం ఉంటుందని ప్రభుత్వం చెప్పింది. అయినా ఏ తప్పూ చేయని లక్షలమంది ఖాతాలను జల్లెడ పట్టడం నాకు మింగుడుపడదు. నెదర్లాండ్స్‌లో శిశు సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది తల్లిదండ్రులపై అన్యాయంగా మోసగాళ్ళన్న ముద్ర పడింది. ద్వంద్వ పౌరసత్వం వంటి వివరాలను కూడా అక్కడి పన్ను శాఖ అనుమానానికి వాడుకుంది. ఆ వ్యవహారంతో 2021 జనవరిలో మంత్రివర్గమే రాజీనామా చేసింది. అంతకు ముందు ఏడాది సిరి అనే మోసాల గుర్తింపు వ్యవస్థ వ్యక్తిగత గోప్యత హక్కును ఉల్లంఘిస్తోందని అక్కడి హేగ్ జిల్లా కోర్టు ఆపించింది. విదేశీ పేర్లున్నవాళ్ళం కనుక ఈ కథ మనకు ఇంకాస్త దగ్గరది.

మీ వారిని "హెచ్చరికతో కూడిన విచారణ"కు (ఇంటర్వ్యూ అండర్ కాషన్) పిలిస్తే మాత్రం అది మామూలు తనిఖీ కాదని గ్రహించండి. అక్కడ మాట్లాడినది రికార్డవుతుంది, కోర్టుకు పోవచ్చు. మౌనంగా ఉండవచ్చు గాని, అక్కడ చెప్పని విషయాన్ని తర్వాత కోర్టులో చెబితే నష్టం కలగవచ్చు. అందుకే న్యాయవాది లేకుండా వెళ్ళవద్దు. తెలుగు దుబాసీని శాఖనే ఏర్పాటు చేయమనండి. పక్కింటి అబ్బాయిని వెంట తీసుకెళితే మీ కాపురం కబుర్లు సాయంత్రానికి వాట్సాప్‌లో ఉంటాయి. కోత నిర్ణయం వస్తే నెల లోపల పునఃపరిశీలన కోరాలి, అదీ కాదంటే ఆ జవాబు వచ్చిన నెల లోపల ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ఈ కాగితాలన్నిటికీ సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థవారు ఉచితంగా తోడుంటారు.

చివర్లో మీరు అడిగిన సంక్రాంతి ప్రయాణం. జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి రావడానికి మీకు అడ్డంకి లేదు. మీ వారు వస్తే మాత్రం టిక్కెట్టు కొనే ముందే జర్నల్‌లో తేదీలు రాయాలి, అక్కడున్నన్నాళ్ళూ ఉద్యోగం వెతుకుతున్నట్టు చూపాలి, మామూలుగా నెల లోపల తిరిగి రావాలి. దగ్గరి బంధువు మరణించి, ఆ సమయంలో తిరిగి రావడం న్యాయంగా సాధ్యం కాదని వారు ఒప్పుకుంటే మరో నెల వరకు పొడిగిస్తారు. మరణ ధ్రువపత్రం నకలు వెంట తెచ్చుకోవాలి.